డాక్టర్ సలహా: డెబ్బై ఏళ్ల వయసులో హెపటైటిస్ సి బయటపడితే చికిత్స అవసరమా?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 70. కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షల్లో హెపటైటిస్ సి యాంటీబాడీ పాజిటివ్ అని వచ్చింది. ఆమెకు పచ్చకామెర్లు ఎన్నడూ రాలేదు. 1988లో మా అన్నయ్య సిజేరియన్ ద్వారా పుట్టినప్పుడు, ఆపరేషన్ అయ్యాక ఆమెకు రక్తం ఎక్కించారట. నేను 1991లో పుట్టాను. ఇప్పటి రిపోర్టులో ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 55, ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు ఉన్నాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, వీటితో పాటు రోజూ పొద్దున్నే ఒక గ్యాస్ మాత్ర వాడుతున్నారు. ఏడాదిగా బాగా నీరసపడిపోయారు. ఈ వయసులో ఘాటైన మందులు తట్టుకోలేరని, ఉన్నన్నాళ్లు అలాగే ఉండనివ్వమని బంధువులు అంటున్నారు. కొత్త మందులను వృద్ధులపై పరీక్షించి చూశారా? అమ్మ కంచం, గ్లాసు వేరుగా పెట్టాలా? కంటి ఆపరేషన్ వాయిదా వేయాలా? — ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీ చివరి రెండు సందేహాలు తీరుస్తాను, ఎందుకంటే అవి ఇంట్లో ఈరోజే అమలయ్యే విషయాలు. కంచం, గ్లాసు, మంచం, బాత్రూమ్ ఏవీ వేరు చేయనక్కర్లేదు. హెపటైటిస్ సి వైరస్ రక్తం ద్వారా సోకుతుంది తప్ప కలిసి తినడం వల్ల, దగ్గు, తుమ్ముల వల్ల, పిల్లలను ఎత్తుకుని ముద్దు చేయడం వల్ల సోకదు. రక్తం అంటుకునే అవకాశం ఉన్న టూత్‌బ్రష్, బ్లేడు, గోళ్ల కత్తెర మాత్రం ఎవరివి వారే వాడుకోవాలి. ఇంట్లో షుగర్ చూసుకునేటప్పుడు వేలికి గుచ్చే సూదిని ఇంకొకరికి వాడకూడదు. ఇంట్లో మరొకరికీ షుగర్ ఉంటే ఈ సూది విషయంలోనే పొరపాటు జరుగుతుంటుంది కాబట్టి దీనిని ప్రత్యేకంగా గుర్తు చేస్తున్నాను. ఇక కంటి ఆపరేషన్‌ను ఈ కారణంతో వాయిదా వేయవలసిన పని లేదు. ఆపరేషన్ థియేటర్‌లో ప్రతి రోగి రక్తాన్నీ ఒకే రకమైన జాగ్రత్తతో చూడడం నియమం. కంటి డాక్టరుకు విషయం చెప్పండి, అంతే చాలు.

అసలు ప్రశ్నకు వెళ్లేముందు ఆ రిపోర్టు ఏం చెబుతోందో చూద్దాం. యాంటీబాడీ పాజిటివ్ అంటే ఆ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని అర్థం, ఇప్పటికీ ఉందని కాదు. దొంగ వెళ్లిపోయిన తర్వాత కూడా నేల మీద అడుగుజాడలు మిగిలినట్లు, వైరస్ పోయినా యాంటీబాడీలు దశాబ్దాల పాటు రక్తంలో ఉండిపోతాయి. ఈ వైరస్ సోకిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురికి తొలి ఆరు నెలల్లోనే ఏ మందూ లేకుండా అది దానంతట అదే తొలగిపోతుంది. మిగిలినవారిలో దీర్ఘకాలం తిష్ఠ వేస్తుంది. మీ అమ్మగారు ఏ కోవలోకి వస్తారో తేల్చేది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. అందులో వైరస్ కనిపించకపోతే చికిత్స ప్రసక్తే ఉండదు. ఆ పరీక్ష చేయించకుండా మందుల గురించి ఇంట్లో వాదించుకోవడం అనవసరం.

అయితే మీరు చెప్పిన 1988 నాటి సంగతి, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైములు కొద్దిగా పెరిగి ఉండడం కలిపి చూస్తే, వైరస్ ఇంకా ఉండే అవకాశమే ఎక్కువని నేను అనుకుంటున్నాను. ఆ రోజుల్లో ఎక్కించే రక్తంలో ఈ వైరస్ ఉందో లేదో తెలుసుకునే పరీక్షే లేదు, ఎందుకంటే వైరస్‌నే ఇంకా గుర్తించలేదు. రక్తం ఎక్కించుకున్నవారిలో కొందరికి, హెపటైటిస్ ఏ, బీ రెండూ కాని ఏదో కాలేయ వ్యాధి వస్తోందని హార్వే ఆల్టర్ బృందం 1970లలోనే గమనించింది. దానికి కారణమైన వైరస్‌ను మైఖేల్ హౌటన్, ఆయన సహచరులు 1989లో పట్టుకున్నారు. ఆ వైరస్ ఒక్కటే వ్యాధిని కలిగించగలదని చార్లెస్ రైస్ నిరూపించారు. ఈ ముగ్గురికీ 2020లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. రక్తనిధుల్లో హెపటైటిస్ సి పరీక్ష 1990 తర్వాతే, ఒక్కో దేశంలో ఒక్కోసారి మొదలైంది. కాబట్టి అప్పట్లో రక్తం ఎక్కించినవారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అంతకుముందు రక్తం ఎక్కించుకున్న పెద్దవారంతా జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకోవడం మంచిదని మాత్రం చెప్పాలి.

ఇక బంధువుల మాట. వారు భయపడడంలో అర్థం ఉంది, కానీ ఆ భయం పాత చికిత్సకు సంబంధించినది. ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, రిబావిరిన్ మాత్రలు కలిపి ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడవలసి వచ్చేది. జ్వరం, ఒళ్లునొప్పులు, రక్తహీనత, తీవ్రమైన మానసిక కుంగుబాటు వచ్చేవి. అంతా భరించిన తర్వాత కూడా దాదాపు సగం మందికే వ్యాధి నయమయ్యేది. వయసు మీదపడినవారు దానిని తట్టుకోలేరన్నది నిజమే. అందుకే ఆనాటి ప్రయోగాల్లో చాలావాటిలోకి 65 ఏళ్లు దాటినవారిని తీసుకునేవారే కాదు. 2013 చివర్లో సోఫోస్బువిర్ వచ్చాక పరిస్థితి మారిపోయింది. ఈ కొత్త మందులు ఇంటర్‌ఫెరాన్‌లా రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టవు, వైరస్ తనను తాను నకలు చేసుకునే యంత్రాంగాన్నే అడ్డుకుంటాయి. సోఫోస్బువిర్–వెల్పటాస్విర్ అయితే రోజుకు ఒక మాత్ర చొప్పున 12 వారాలు, గ్లెకాప్రెవిర్–పిబ్రెంటాస్విర్ అయితే రోజుకు ఒకేసారి ఆహారంతో మూడు మాత్రల చొప్పున, మునుపు చికిత్స తీసుకోనివారికి సాధారణంగా 8 వారాలు వాడాలి. వందలో 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. తలనొప్పి, కొంత అలసట మినహా చాలామందికి చెప్పుకోదగ్గ ఇబ్బంది ఉండదు.

వృద్ధులపై పరీక్షించారా అన్నది మీరు అడిగిన ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే నచ్చినది. డాక్టర్లను అందరూ ఇలా నిలదీసి అడగాలి. కొత్త మందుల తొలి ప్రయోగాల్లో 65 దాటినవారు ఉన్నారు కానీ, 75 దాటినవారు తక్కువ. గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారిని, నాలుగైదు రకాల మందులు వాడేవారిని ప్రయోగాల్లోకి తీసుకోవడానికి పరిశోధకులు వెనకాడుతుంటారు. నిజ జీవితంలో ఆ మందు ఎక్కువగా అవసరమయ్యేది అలాంటివారికే. ఈ లోటును తర్వాతి కాలంలో ఆస్పత్రుల్లో చికిత్స పొందినవారి సమాచారం చాలావరకు పూరించింది. ముఖ్యంగా హెపటైటిస్ సి రోగుల్లో పెద్దవయసువారే అధికంగా ఉన్న జపాన్ వంటి చోట్ల నుంచి వచ్చిన ఫలితాలు, వయసు పెరిగినంత మాత్రాన ఈ మందుల ప్రభావం తగ్గదని చూపించాయి. అందువల్ల చికిత్స మార్గదర్శకాలు నేడు వయసుకు గరిష్ఠ పరిమితి పెట్టడం లేదు. వేరే నయంకాని జబ్బుతో ఏడాదికి మించి బతికే అవకాశం లేనివారికి మాత్రం ఈ చికిత్స వల్ల ప్రయోజనం ఉండదని అవి చెబుతాయి. మీ అమ్మగారి పరిస్థితి అది కాదు.

పైగా ఆలస్యం చేయడానికి వయసు ఒక కారణం కానే కాదు, నిజానికి తొందరపడడానికి కారణం. వయసుతో పాటు కాలేయానికి రక్తప్రసరణ తగ్గుతుంది, దెబ్బతిన్న కణజాలాన్ని బాగుచేసుకునే శక్తి సన్నగిల్లుతుంది, మచ్చలు కట్టడం వేగం పుంజుకుంటుంది. ఈ వైరస్ దీర్ఘకాలం నిలిచిపోయినవారిలో 20 ఏళ్లలో 15 నుంచి 30 శాతం మందికి సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడిపోవడం) వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మీ అమ్మగారికి 1988లోనే సోకి ఉంటే, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

కాలేయం ఎంత దెబ్బతిన్నదో అంచనా వేయడానికి ఫిబ్–4 అనే లెక్క ఒకటి ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, దానిని ప్లేట్‌లెట్ల సంఖ్యను (వేలల్లో) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. మీరిచ్చిన అంకెలతో చేస్తే 2.38 వస్తుంది. హెపటైటిస్ సిలో ఇది 1.45 లోపు ఉంటే కాలేయం తీవ్రంగా దెబ్బతిని ఉండే అవకాశం తక్కువ, 3.25 దాటితే ఎక్కువ. మీ అమ్మగారిది మధ్యలో ఉంది. సరిగ్గా ఇవే రక్తపరీక్ష ఫలితాలు నలభై ఏళ్ల వ్యక్తికి వచ్చి ఉంటే లెక్క 1.36 దగ్గర ఆగి, ఫర్వాలేదనిపించేది. అంటే ఇక్కడ అంకెను పెంచినది చాలావరకు వయసే. కాబట్టి ఈ ఒక్క లెక్క చూసి బెంబేలెత్తిపోవద్దు, తేలిగ్గా తీసిపారేయనూ వద్దు. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయిస్తే స్పష్టత వస్తుంది. అందులో సూది, కోత ఉండవు. స్కాన్‌కు ముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా ఉండాలి, లేకపోతే ఫలితం ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. దానితో పాటు పొట్ట అల్ట్రాసౌండ్ కూడా చేయించండి.

చికిత్సలో అసలు జాగ్రత్త పడవలసినది వయసు గురించి కాదు, ఆమె ఇప్పటికే వాడుతున్న మాత్రల గురించి. అటోర్వాస్టాటిన్‌ను గ్లెకాప్రెవిర్–పిబ్రెంటాస్విర్‌తో కలిపి వాడకూడదు, కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి దానిని మార్చడమో, ఆ వారాల వరకు ఆపడమో డాక్టర్ నిర్ణయిస్తారు. వెల్పటాస్విర్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది కాబట్టి మందు సరిగా పనిచేయకపోవచ్చు. పెద్దవారిలో చాలామంది ఈ గ్యాస్ మాత్రను ఎప్పుడో ఏదో కారణంతో మొదలుపెట్టి, ఆ కారణం పోయినా ఏళ్ల తరబడి మానకుండా వేసుకుంటూ ఉంటారు. మీ అమ్మగారికి అది నిజంగా అవసరమా అని అడగడానికి ఇదే సమయం. గుండె లయ కోసం వాడే అమియోడరోన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ వంటివి మీరు రాసిన జాబితాలో లేవు. కానీ అప్పుడప్పుడూ వేసుకునేవి, మూలికల పొడులు, లివర్ టానిక్‌ల వంటివి చాలామంది మందుల కింద లెక్కవేయరు. అందుకే జాబితా రాసుకుని వెళ్లకుండా, ఆమె మందుల డబ్బాను ఉన్నదున్నట్లుగా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

షుగర్ విషయం వేరే చెప్పాలి. వైరస్ తగ్గుతున్నకొద్దీ కొందరిలో షుగర్ అదుపు మెరుగుపడుతుంది. అది మంచిదే కానీ, గ్లిమిపిరైడ్ మోతాదు పాతదే కొనసాగితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. పెద్దవయసులో అలా పడిపోవడం కళ్లు తిరిగి కిందపడడానికి, ఎముక విరగడానికి దారితీయవచ్చు. చికిత్స మొదలైన తొలి వారాల్లో ఇంట్లో షుగర్ తరచుగా చూడండి.

చికిత్సకు ముందు హెపటైటిస్ బి పరీక్షలు, అంటే ఉపరితల యాంటిజెన్, కోర్ యాంటీబాడీ రెండూ తప్పనిసరిగా చేయించాలి. లోలోపల అణగి ఉన్న బి వైరస్, సి వైరస్ తొలగుతుండగా విజృంభించిన సందర్భాలు ఉన్నందున 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందులపై తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్చింది. కిడ్నీ పరీక్ష కూడా చేస్తారు. ఈ మందులను చాలావరకు కిడ్నీ సమస్య ఉన్నవారికీ ఇవ్వగలుగుతున్నారు.

నీరసాన్ని మొత్తం వైరస్ ఖాతాలో వేయకండి, వయసు ఖాతాలోనూ వేయకండి. హెపటైటిస్ సిలో నీరసం సర్వసాధారణమే అయినా, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూడాలి. పగలంతా మత్తుగా పడుకుని రాత్రంతా మేలుకోవడం, మాట తడబడడం, తెలిసిన పనిలో తికమకపడడం, పొట్ట ఉబ్బడం, కాళ్లవాపు కనిపిస్తే మాత్రం మతిమరుపేలే, వయసే కదా అని ఊరుకోకుండా వెంటనే చూపించాలి. కాలేయం విఫలమవుతున్నప్పుడు మెదడుపై పడే ప్రభావం ఇలాగే ఉంటుంది. అలాంటి దశలో గ్లెకాప్రెవిర్ వర్గపు మందులు ఇవ్వకూడదు.

కోర్సు ముగిసిన 12 వారాలకు మళ్లీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేస్తారు. అప్పుడు వైరస్ లేకపోతే నయమైనట్లే. ఫైబ్రోస్కాన్‌లో సిర్రోసిస్ ఉన్నట్లు తేలితే, వైరస్ పోయాక కూడా కాలేయ క్యాన్సర్ ప్రమాదం తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. కాబట్టి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ మానకూడదు. ఈ వైరస్‌కు టీకా లేదు, ఒకసారి నయమైనవారికి మళ్లీ సోకకుండా రక్షణ కూడా ఏర్పడదు.

చివరిగా, మీరు అడగని విషయం ఒకటి. మీ అన్నయ్య పుట్టిన తర్వాతే రక్తం ఎక్కించారు కాబట్టి పుట్టుకతో ఆయనకు సోకే అవకాశం లేదు. మీరు ఆ తర్వాత మూడేళ్లకు పుట్టారు. రక్తంలో వైరస్ ఉన్న తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం వందలో సుమారు ఐదు. దాంపత్యంలో సోకడం అరుదే అయినా అసాధ్యం కాదు. అమ్మగారి ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ ఉన్నట్లు తేలితే, ఆమెను చూపించడానికి వెళ్లిన రోజే మీరూ, మీ నాన్నగారూ యాంటీబాడీ పరీక్షకు రక్తం ఇచ్చి రండి.