బ్లాక్ మెడ దగ్గరే ఎందుకు వచ్చింది?

గాజువాక తమ్ముడూ, కొలెస్ట్రాల్ ఒళ్లంతా తిరుగుతుంటే నాన్నగారికి బ్లాక్ మెడ ధమని చీలే చోటే ఎందుకొచ్చిందని అడిగావు. ధమని తిన్నగా ఉన్నచోట రక్తం ఒకే దిశలో, వేగంగా లోపలి పొరను ఒరుసుకుంటూ పారుతుంది. ఆ ఒరిపిడే పొరకు రక్ష. చీలిక దగ్గర బయటి గోడ వెంబడి ప్రవాహం మందగించి సుడి తిరుగుతుంది. అక్కడే ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ గోడలోకి దూరి పేరుకుంటుంది. బీపీ ఎక్కువైతే ఇది ఇంకా ముదురుతుంది. ఒత్తిడి తక్కువుండే సిరల్లో మామూలుగా ఈ పూడిక రాదు. అదే కాలి సిరను తీసి గుండెకు బైపాస్‌గా వేస్తే, ధమని ఒత్తిడి తగిలి కొన్నేళ్లకు దానిలోనూ రావచ్చు!

ఆర్కే బీచ్‌లో నడక మంచిదే. కానీ కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటూ బీపీ మాత్ర మానేశారన్నావే, అది నాకు అస్సలు నచ్చలేదు. రేపే డాక్టరుకు చూపించు. ఉన్నట్టుండి మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి.