పారాయణ బృందంలో ఉంటూ పార్టీ పని చేయవచ్చా?

ప్రశ్న: సత్యనారాయణపురంలోని ఒక ఆలయ మండపంలో రోజూ సాయంత్రం జరిగే గీతా పారాయణంలో పన్నెండేళ్లుగా పాల్గొంటున్నాను. మా డివిజన్‌లో కార్పొరేటర్‌గా పోటీ చేయనున్న ఒకరు నన్ను పోలింగు ఏజెంటుగా ఉండమని అడిగారు. రాజకీయాల్లో దిగితే సాధన చెడుతుందని బృందంలోని పెద్దలు వారిస్తున్నారు. ఏది సబబు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పెద్దల భయం నిరాధారమైనది కాదు. అయితే మీరు పారాయణం చేసే గ్రంథమే మూడో అధ్యాయంలో కర్మను విడవకుండానే సిద్ధి పొందిన జనకుణ్ణి చూపి, లోకసంగ్రహం, అంటే లోకానికి మేలు, కోసమైనా కర్మ చేయమంటుంది. మనకు దగ్గరి ఉదాహరణ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. 1921లో, అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల–పేరాల ప్రజలు పురపాలక పన్నులను నిరసిస్తూ ఇళ్లు వదిలి, ఊరి బయట పాకలు వేసుకొని నెలల తరబడి ఉన్నప్పుడు, వారిని నడిపించిన ఆయన తన స్వచ్ఛంద దళానికి రామదండు అని పేరు పెట్టారు. రామభక్తి ఆయనను ఇంట్లో కూర్చోబెట్టలేదు.

ఆ కాలానికీ మన కాలానికీ తేడా ఉందని మాత్రం మరువకూడదు. అది పరాయి ప్రభుత్వంపై పోరాటం. ఇప్పుడు జరిగేది ఇరుగుపొరుగుల మధ్య పోటీ, ఆ మండపంలో మీ పక్కన కూర్చునేవారే ఎదుటి పార్టీకి ఓటు వేయవచ్చు. అందుచేత నా షరతు ఒక్కటే: మీ పేరుతో పని చేయండి, బృందం పేరుతో వద్దు. ఆలయ ప్రాంగణాన్ని పార్టీ ప్రచారానికి వాడుకోనివ్వడాన్ని 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం నిషేధిస్తోంది. కరపత్రాలే కాదు, ప్రసాదం పంచుతూ అభ్యర్థి ప్రస్తావన తేవడమూ నా దృష్టిలో తప్పే. పారాయణం వేళల కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులోనూ ఓట్ల మాట రానీయకండి.

ఇక సాధన చెడటం గురించి. ఏజెంటు పని నిజానికి సాక్షి పని: తెల్లవారకముందే వెళ్లి ఓటింగుకు ముందు జరిగే ఏర్పాట్లను గమనించడం, ఓటు వేయడానికి వచ్చినది జాబితాలోని మనిషేనా అని చూడటం. మీ అభ్యర్థికి పడబోయే దొంగ ఓటును కూడా అంతే గట్టిగా అడ్డుకోగలరా? అందుకు సమ్మతమేనా అని ఆ అభ్యర్థినే ముందుగా అడగండి. నీళ్లు నమిలితే ఆ బాధ్యత తీసుకోకండి. ఒప్పుకుంటే, పోలింగు రోజు సాయంత్రం పారాయణానికి రాలేనని పెద్దలకు దాపరికం లేకుండా ఇప్పుడే చెప్పండి.