స్టీరింగ్ సరే, లోడు కట్టడం వచ్చా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, అమెరికాలో గ్రీన్ కార్డు మీద ఉన్నాను. ట్రక్ స్కూల్ పూర్తిచేసి క్లాస్ ఏ సీడీఎల్ (పెద్ద ట్రక్కులు తోలే లైసెన్సు) తెచ్చుకున్నాను. ఒక కంపెనీ డ్రైవాన్ (మూసిన డబ్బా ట్రైలర్) ఇస్తానంటోంది, ఇంకోటి ఫ్లాట్‌బెడ్ (గోడలు, కప్పు లేని ట్రైలర్). ఫ్లాట్‌బెడ్‌లో డబ్బులు ఎక్కువంటున్నారు గానీ లోడు జారి రోడ్డు మీద పడితే ఏంటి గతి అని టెన్షన్. నేరుగా వెళ్లొచ్చా, ఏడాది డ్రైవాన్ తోలి రమ్మంటారా?

జవాబు: నేరుగా వెళ్లండి. డ్రైవాన్ ఏడాది తోలితే రివర్స్ చెయ్యి తిరుగుతుంది, టైమ్ లెక్కలు వంటబడతాయి, కానీ అక్కడ సరుకు డబ్బాలో ఉంటుంది కాబట్టి లోడు కట్టడం మాత్రం రాదు, ఏడాది తర్వాత ఫ్లాట్‌బెడ్ దగ్గరికొస్తే మళ్లీ కొత్తవాళ్లే. అందుకే నన్నడిగితే జీతం కంటే ముందు కంపెనీని అడగాల్సింది ఒకటుంది: లోడు కట్టడం నాకు ఎన్ని వారాలు నేర్పిస్తారు, యార్డులోనా, నిజం లోడు మీద ట్రైనర్ పక్కనుండా? ఒకరోజు వీడియోలు చూపించి తాళాలు చేతికిచ్చేస్తామంటే ఎంత ఇస్తామన్నా వద్దనే అంటాను.

మీ టెన్షన్‌కి మందు లెక్కలో ఉంది. ఫెడరల్ రూల్ ప్రకారం, గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు సరుకు బరువులో 80 శాతం దాకా ముందుకు తోసినా, పక్కలకి 50 శాతం తోసినా కట్లు ఆపాలి. ఇది రోడ్డు పక్కన నిలబడి లెక్కేసుకునేది కాదు కాబట్టి రెండు సులువైన లెక్కలు పెట్టారు. ఒకటి, కట్లన్నిటి వర్కింగ్ లోడ్ లిమిట్ (ఒక్కో కట్టు భద్రంగా మోయగల బరువు) కలిపితే సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. రెండోది పొడవు: సరుకు ముందుకి జారకుండా ఆపే అడ్డు ఏదీ లేకపోతే మొదటి 10 అడుగులకి రెండు కట్లు, ఆ తర్వాత ప్రతి 10 అడుగులకి, లేదా అందులో మిగిలిన ముక్కకి, ఇంకొకటి. 40 అడుగుల స్టీల్ కట్ట, 40,000 పౌండ్లు అనుకోండి. సగం 20,000. నాలుగంగుళాల వెడల్పు స్ట్రాప్ (పట్టీ) ఒకదాని లిమిట్ మామూలుగా 5,400 పౌండ్లు, అంటే ఒక పక్కనుంచి లోడు మీదుగా రెండో పక్కకి వేసిన నాలుగు స్ట్రాపులు బరువుకి చాలు. కానీ పొడవు లెక్కలో ఐదు కావాలి. రెండిట్లో ఎక్కువ వచ్చిందే వెయ్యాలి, నేనైతే ఇంకొకటి పైన వేస్తాను, స్ట్రాప్ ఖరీదు ఎంతని! కాయిళ్లు (చుట్ట చుట్టిన లోహపు రేకు), యంత్రాలు, కాంక్రీట్ పైపుల్లాంటి వాటికి వేరే రూల్స్ ఉన్నాయి, ముఖ్యంగా స్టీల్ కాయిల్ కట్టడం ట్రైనర్ చేత చేయించుకుని నేర్చుకోకుండా ముట్టుకోకండి.

పదునైన అంచు మీద స్ట్రాప్ వేస్తే ఎంత గట్టిదైనా తెగుతుంది, మధ్యలో ఎడ్జ్ ప్రొటెక్టర్ పెట్టాల్సిందే. గొలుసులు బిగించడానికి లీవర్ బైండర్ (మీట ఒక్కసారిగా నొక్కి బిగించేది) కాకుండా రాట్చెట్ బైండర్ (కొంచెం కొంచెంగా బిగించేది) కొనుక్కోండి. లీవర్ది చేయి జారితే తిరిగొచ్చి దవడ పగలగొడుతుంది. స్ట్రాపులు బిగించే ఇనుప కడ్డీ, అదే వించ్ బార్, లాగేటప్పుడు కూడా మొహం దాని దారిలో ఉంచకండి.

కట్టాం కదా అని వెళ్లిపోతే కాదు. బయల్దేరిన మొదటి 50 మైళ్లలోపు ఆగి చూడాలి, ఆ తర్వాత 150 మైళ్లకో మూడు గంటలకో మీ డ్యూటీ స్థితి (తోలడం నుంచి విశ్రాంతికి, అలా) మారినప్పుడో, ఏది ముందొస్తే అప్పుడు. ఇది కాగితం మీది మాట అనుకునేవాళ్లున్నారు గానీ, లోడు కుదుపులకి సర్దుకునేది ఆ మొదటి కొద్ది మైళ్లలోనే, అప్పుడే స్ట్రాపులు వదులవుతాయి.

టార్ప్ (లోడు మీద కప్పే దళసరి పట్టా) గురించి ఎవరూ నిజం చెప్పరు. బరువు చాలా ఉంటుంది, గాలి వస్తే మిమ్మల్నే లేపేస్తుంది. వీలైతే ఫోర్క్‌లిఫ్ట్‌తో పైకి పెట్టించుకోండి, వెనక టార్ప్ ముందు పరిచి ముందు టార్ప్ దాని మీదికి వచ్చేలా వేస్తే గాలి లోపలికి దూరదు. కప్పిన లోడు మీద నడవకండి, కింద సందు ఎక్కడుందో కనపడదు. టార్ప్‌కి వేరే డబ్బులు ఇస్తారో లేదో ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.

ఇంకో మాట. "ఇలా కట్టింది చాలు, బయల్దేరు" అని డిస్పాచర్ (మీకు లోడ్లు అప్పగించే కంపెనీ మనిషి) ఒత్తిడి పెడితే, లోడు సరిగ్గా కట్టకుండా బండి తీయొద్దని రూల్ డ్రైవర్ మీదే ఉంది, టికెట్ కూడా మీ పేరు మీదే. వద్దన్నందుకు ఉద్యోగం తీసేస్తే 180 రోజుల్లోపు కార్మికుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఓషాకి ఫిర్యాదు చేసే హక్కు చట్టమే ఇచ్చింది.

ప్రశ్న: ఉద్యోగంలో చేరగానే ట్రక్ లీజుకిచ్చి కిస్తీలు అయ్యాక నీదే అంటున్నారు, తీసుకోనా?

జవాబు: కొత్తలో వద్దు. డీజిల్, రిపేరు, ఇన్సూరెన్స్ అన్నీ మీ ఖాతాలో, లోడ్లు ఇవ్వడం మానేయడం మాత్రం వాళ్ల చేతిలో. ఇలాంటి ఒప్పందాలు పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన ట్రక్ లీజింగ్ టాస్క్ ఫోర్స్ 2025 జనవరిలో ఈ లీజ్-పర్చేజ్ పద్ధతినే నిషేధించమని సిఫారసు చేసింది. ముందు కంపెనీ బండి మీద పని నేర్చుకోండి.

ప్రశ్న: మా తమ్ముడికి 19. వాడూ రావచ్చా?

జవాబు: 18 నిండితే సొంత రాష్ట్రంలో తోలొచ్చు. రాష్ట్రం దాటి సరుకు తీసుకెళ్లాలంటే మామూలుగా 21 నిండాలి. స్కూల్ చేరేముందు అది ఫెడరల్ ట్రైనింగ్ ప్రొవైడర్ రిజిస్ట్రీలో ఉందో లేదో చూసుకోమనండి, 2022 ఫిబ్రవరి 7 నుంచి మొదటిసారి సీడీఎల్ తీసుకునేవాళ్లకి అందులో ఉన్న స్కూల్లోనే ట్రైనింగ్ తప్పనిసరి.