వైశాఖం పెళ్ళి, పూల సంగతి

చి॥ అమ్మలుకి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఫోన్లో పంపిన మండపం ఫోటోలు చూశాను. బాగున్నాయి. లావెండర్ రంగు పూలు, తెల్ల పరదాలు, వేలాడే గాజు దీపాలు... మర్నాడు రిసెప్షన్‌కి పెట్టించుకో, కాదనను. ముహూర్తం వేదికకి మాత్రం వద్దు. గౌరీపూజకి పట్టుచీర కట్టినా, తలంబ్రాల వేళకి నీ ఒంటి మీద ఉండేది మధుపర్కం. తెల్లచీర, ఎర్రంచు. అబ్బాయిదీ తెల్ల పంచే. వెనకాల తెల్ల పరదా కూడా ఉంటే ఆల్బంలో రెండు తలకాయలూ, ఎర్రంచూ తప్ప ఇంకేం కనిపించవు.

డెకరేషన్ వాళ్లు రాగానే "థీమ్ ఏంటి మేడమ్" అంటారు. దానికి జవాబు చెప్పకు. ముహూర్తం ఏ నెలలో, రాత్రి ఎన్నింటికి, ఆ టైముకి పెళ్ళికూతురు ఏ చీరలో ఉంటుంది, ముందు ఇవి చెప్పు. పూలూ రంగులూ ఆ తరవాతే.

తెలుపూ ఎరుపుల వెనకాల నిలబడగలిగింది ఆకుపచ్చ. కొబ్బరాకు అల్లిక, అరటి చెట్లు, మామిడి తోరణాలు, మధ్యమధ్య పసుపుపచ్చ చామంతి దండలు నాలుగు వేలాడదీస్తే చాలు. ఆకు ఖర్చు పూల ఖర్చులో సగం కూడా ఉండదు, పైగా తెల్లారేదాకా వాడదు. మీ అమ్మకి ఎర్ర గులాబీలతో గోడంతా కప్పేయాలని ఉంది, నాతో కూడా అంది. గులాబీలు మన కడియపులంక మార్కెట్‌కి బెంగళూరు, హోసూరు వైపు నుంచి లారీల్లో వస్తాయి. వైశాఖం ఎండల్లో అంత దూరం వచ్చి, మధ్యాహ్నం స్పాంజిలో గుచ్చించుకుని, రాత్రి పదకొండున్నర ముహూర్తానికి తలెత్తుకుని ఉండమంటే ఎలా ఉంటాయి? బంతి, చామంతి కూడా చలికాలం పూలే. ఇప్పుడు దొరక్కపోవు గానీ పువ్వు చిన్నది, రేటు పెద్దది. వైశాఖం అంటే మల్లెల నెల. డబ్బు అక్కడ పెట్టు.

మండపానికి తగ్గించిన డబ్బు జడకి పెట్టమంటాను. వేదిక వెనకాల పూలు ఎవరూ దగ్గరికొచ్చి చూడరు, నీ జడ మాత్రం వెనక కూర్చున్న ఆడవాళ్లందరూ గంటన్నరసేపు చూస్తూనే ఉంటారు. ఈనెపుల్లలకి మొగ్గలు గుచ్చి జడ మీద కుట్టే మనిషి మన వీధిలో ఇంకా ఉంది, నేను మాట్లాడాను. అట్ట మీద అతికించి తెచ్చే రెడీమేడ్ జడ వద్దు. తల తిప్పినప్పుడల్లా అది ఒక పక్కకి కర్రలా నిలబడుతుంది.

మల్లెమొగ్గ పొద్దుగూకే వేళకి విచ్చుకోవడం మొదలుపెడుతుంది. నాలుగింటికే కుట్టించేశావా, ఎనిమిదికల్లా అన్నీ విచ్చుకుని వరస చెదిరిపోతుంది. అందుకని మొగ్గలు పొద్దున్నే తెప్పించి, తడిగుడ్డలో చుట్టి, ఐసు పెట్టె మీద ఉంచాలి. ఐసుకి తగలకూడదు, ప్లాస్టిక్ కవర్లో అసలే మూటకట్టకూడదు. ఆవిరి పట్టి ఎర్రబారతాయి. కుట్టడం ఏడు దాటాక మొదలుపెడితే తొమ్మిదిన్నరకి అవుతుంది. మొగ్గలు కొనేటప్పుడు గుప్పెడు అరచేతిలో పోసుకుని చూడాలి. కాడ పచ్చగా, మొగ్గ గట్టిగా ఉంటే ఆ రోజు కోసింది. కాడ వడిలి, కొస ఎర్రగా ఉంటే నిన్నటిది, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. మధ్యలో కనకాంబరం వరసలు, అక్కడక్కడ మరువం. కనకాంబరానికి వాసన లేదుగానీ ఆ రంగు తెల్లచీర ఎర్రంచుకి సరిగ్గా కుదురుతుంది.

దండల్లో లిల్లీలు తగ్గించమను. నేలసంపెంగ అంటామే, అదే. చూడ్డానికి బాగుంటుంది, రాత్రయ్యేకొద్దీ వాసన ముదురుతుంది. నువ్వేమో ఉపవాసం, పక్కన హోమం పొగ, మెడలో ఆ దండ. కళ్లు తిరిగితే ఫోటోగ్రాఫరు సిగ్గు అనుకుంటాడు! గులాబీ రేకల దండ తేలిగ్గా, నడుం దాకా ఉంటే చాలు. పూలవాళ్లు తాజాగా కనిపించాలని నీళ్లు చల్లి తెస్తారు. అలాగే వేసుకుంటే పట్టు మీద మరక పడుతుంది. మీ పిన్నికి చెప్పు, దండలు రాగానే విదిలించి పొడి తువ్వాలు మీద కాసేపు ఉంచమని.

లైట్ల మాట మర్చిపోకు. నీలం, ఊదా లైట్లు వేస్తే పసుపు రాసుకున్న మొహం జబ్బు మనిషి మొహంలా కనిపిస్తుంది. వేదిక మీదికి పసుపు ఛాయ ఉన్న తెల్ల లైట్లే వేయించు. అలాగే తలంబ్రాల్లో థర్మోకోల్ గుండ్లు కలపనివ్వకు. జుట్టుకి అతుక్కుంటాయి, ఫ్యాను గాలికి కళ్లలో పడతాయి. పసుపు కలిపిన బియ్యం, కావాలంటే నాలుగు ముత్యాలు.

గుమ్మం దగ్గర పంచే పూలు మూరల లెక్కన కొనవద్దు. మూర కొలిచేవాడి చెయ్యి పొట్టిదైతే మనకి నష్టం, పలచగా కట్టినా నష్టమే. విడిమల్లెలు కిలోల్లో తెచ్చి కట్టించుకుందాం. ఆ పళ్లెం దగ్గర ఎవరిని నిలబెడతారో నువ్వే చూసుకో. నుదురు చూసి పూలిచ్చే మనిషిని మాత్రం పెట్టకు. వచ్చిన ఆడవాళ్లందరికీ చాపమను, వద్దనుకున్నవాళ్లు వాళ్లే వద్దంటారు. మీ నానమ్మ ఏమైనా అంటే నా పేరు చెప్పు.

పట్టుచీర ఫోటో పంపావు గానీ ఫోన్లో ఒక రంగు, వెలుగులో ఒక రంగు. జాకెట్టు కుట్టగా మిగిలిన పీలిక ఒకటి కొరియర్లో పడెయ్యి. ఆ ముక్క పట్టుకుని నేనూ పెదనాన్నా కడియపులంక వెళ్లి, గౌరీపూజకి వేసే దండ రంగు అక్కడే ఖాయం చేసుకొస్తాం. అంతవరకు డెకరేషన్ వాళ్లకి అడ్వాన్సు ఇవ్వకు.

మీ పెద్దమ్మ