ఈ పిచ్చర్ కుర్రాడు పైకొస్తాడా?

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటాం. ఇక్కడికి దగ్గర్లోని సింగిల్-ఎ (బేస్‌బాల్‌లో మేజర్ లీగ్‌కి కింది మెట్టు) జట్టులో ఆడే ఒక పిచ్చర్ (బంతి వేసేవాడు) అంటే మా పన్నెండేళ్ల అబ్బాయికి ప్రాణం. ఆ కుర్రాడికి 20 ఏళ్లు. గంటకు 97 మైళ్ల వేగంతో వేస్తాడు. ఈ సీజన్‌లో 250 మంది బ్యాటర్లకు వేసి 80 మందిని స్ట్రయికవుట్ చేశాడు (మూడు స్ట్రయిక్‌లతో ఔట్), 40 మందికి వాక్‌లు ఇచ్చాడు (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి ఉచితంగా దక్కే బేస్). ఇఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ ఖాతాలో పడే పరుగుల సగటు) 2.40. అమెరికాలో అన్నిటికన్నా పైదైన మేజర్ లీగ్‌లో స్టార్ అయి తీరతాడని మావాడి పందెం. నిజంగా అంత సత్తా ఉందంటారా?
— ఒక తండ్రి

జవాబు: ముందు ఆ 2.40ని పక్కన పెట్టండి. అందులో వెనక నిలబడ్డ ఫీల్డర్ల చేతులు ఉంటాయి, మైదానం ఉంటుంది, కాస్త అదృష్టమూ ఉంటుంది. మీరు రాసిన మిగతా రెండు అంకెలే అతని సొంతం. వందమందిలో 32 మంది స్ట్రయికవుట్, 16 మందికి వాక్. మేజర్ లీగ్ సగటు ఈమధ్య సుమారు 22, 8. అంటే బంతిలో దమ్ముంది, అదుపు లేదు. వయసు మాత్రం ఆ స్థాయికి సరిగ్గా ఉంది. ఇవే అంకెలు 24 ఏళ్లవాడివైతే నేను ఇంత ఆశపడను.

నేను గుంటూరులో కాలేజీ జట్టుకు పేస్ బౌలింగ్ వేసినవాణ్ణి. న్యూజెర్సీ వచ్చిన కొత్తలో నేనూ స్పీడ్ బోర్డు చూస్తూనే కూర్చునేవాణ్ణి. ఒక సాయంత్రం పక్క సీటు పెద్దాయన నా మోచేయి తట్టి, "బోర్డు కాదు, క్యాచర్ గ్లవ్ చూడు" అన్నారు. చూశాను. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్, బంతి ఎక్కడ కావాలో చూపిస్తూ గ్లవ్‌ని బ్యాటర్ మోకాలి ఎత్తులో, బయటి అంచున పెట్టాడు. బంతి 96తో వచ్చింది, కానీ భుజం ఎత్తులో. గ్లవ్ ఒక్కసారిగా పైకి ఎగిరింది. తర్వాతి బంతికీ అంతే. ఐదో ఇన్నింగ్స్‌కి పిచ్చర్ మోచేయి కిందికి జారుతోంది, రెండు బంతులకోసారి చొక్కాతో మొహం తుడుచుకుంటున్నాడు. ఆ రోజు నుంచి నేను బోర్డు చూడటం మానేశాను.

మీవాడి హీరోకి స్లోయర్ బాల్ ఉందా? ఇక్కడ ఛేంజప్ అంటారు. చెయ్యి అదే ఊపుతో రావాలి, బంతి మాత్రం ఆలస్యంగా రావాలి. స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్‌గా) ఉండాలంటే ఒకే బ్యాటర్‌కి ఒక మ్యాచ్‌లో మూడుసార్లు వేయాల్సి వస్తుంది. ఫాస్ట్‌బాల్, పక్కకు వంగే స్లైడర్ రెండే ఉంటే మూడోసారికి చదివేస్తారు. అలాంటివాళ్లని చివరికి బుల్‌పెన్‌కి (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్ల బృందానికి) పంపి ఒక్క ఇన్నింగ్స్ వేయిస్తారు. అదీ మంచి ఉద్యోగమే, కాకపోతే మీ అబ్బాయి కలగంటున్నది అది కాదు.

అదుపు తర్వాతైనా రావచ్చు. ర్యాండీ జాన్సన్ 1991లో, 27 ఏళ్ల వయసులో, 152 వాక్‌లు ఇచ్చాడు. ఆ తర్వాత ఏటా ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు ఐదుసార్లు గెలిచాడు. నాకు అసలు భయం చెయ్యి గురించే. బ్రియన్ టేలర్ అనే పిచ్చర్‌ని 1991 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలో) న్యూయార్క్ జట్టు యాంకీస్ మొట్టమొదట ఎంచుకుంది. 1993లో ఒక గొడవలో భుజం దెబ్బతింది, మేజర్ లీగ్ గడప తొక్కనేలేదు. అదే జేకబ్ డిగ్రామ్ 2010లో తొమ్మిదో రౌండ్‌లో ఎంపికైనవాడు, అసలు కాలేజీలో షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్. ఆ ఏడాదే మోచేతికి, తెగిన లిగమెంట్‌ని బాగుచేసే టామీ జాన్ సర్జరీ అయింది. 2014లో, 25 ఏళ్లకు మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి ఆ ఏడాదే రూకీ ఆఫ్ ద ఇయర్ (మేటి కొత్త ఆటగాడు) అయ్యాడు, 2018లో, 2019లో సై యంగ్ కొట్టాడు.

అందుకే స్టార్ అవుతాడని ఇప్పుడే నేను మాట ఇవ్వలేను. ఇంకా పై మెట్టైన డబుల్-ఎకి వెళ్లి, వాక్‌లు వందకు పదికి దిగితే అప్పుడు నేనూ మీవాడి పక్షమే. ఈసారి మ్యాచ్‌కి వెళ్లినప్పుడు హోమ్‌ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక సీట్లు తీసుకోండి. బాబు చేతికి ఒక కాగితం ఇచ్చి, గ్లవ్ కదలకుండా పడ్డ బంతికి ఒక గీత, గ్లవ్ ఎగిరిన బంతికి ఒక సున్నా పెట్టమనండి. నాలుగో ఇన్నింగ్స్ నుంచి వేరే రంగు పెన్నుతో. ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపండి, తప్పకుండా చూస్తాను.