సందేహం – సమాధానం: రేపటి నుంచే రమ్మన్నారు, వెళ్లవచ్చా?

ప్రశ్న: బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి ఈ మధ్యే పదవీ విరమణ చేశాను. వారానికి రెండు పూటలు పేదపిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పాలని కోరిక. రెండు చోట్ల విచారించాను. మొదటి సంస్థవారు వాలంటీరుగా చేరడానికి మూడు వేల రూపాయలు కట్టమన్నారు, దరఖాస్తులో నా పాత సహోద్యోగులు పదిమంది ఫోన్ నంబర్లు రాయమన్నారు. రెండోది మా కాలనీలోనే ఒక ఇంట్లో నడుస్తున్న పిల్లల ఆశ్రమం. అక్కడి నిర్వాహకులు ఎంతో మర్యాదగా మాట్లాడి, కాగితాలూ గీగితాలూ ఏమీ వద్దు, రేపటి నుంచే రండి అన్నారు. మా అబ్బాయి రెండూ వద్దంటున్నాడు. ఏ సంస్థ నమ్మదగినదో బయటివాళ్లం ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మొదటి సంస్థ గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. సొసైటీలో సభ్యులై ఓటు హక్కు పొందేవారు చందా కట్టడం వేరు, ఊరికే వచ్చి పాఠం చెబుతామన్నవారి దగ్గర రుసుము వసూలు చేయడం వేరు. పైగా పదిమంది నంబర్లు అడిగారంటే, రేపు ఆ పదిమందికీ మీ పేరు చెప్పి విరాళాల కోసం ఫోన్లు వెళ్తాయని అనుకోవచ్చు. ఆ దరఖాస్తు నింపి ఇవ్వకండి.

రెండోదాని గురించే నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మీకు నచ్చిన మర్యాదే నన్ను కలవరపెట్టింది. కొన్నేళ్ల కిందట ఒక మిత్రుడి కూతురి పుట్టినరోజని నగరంలోనే ఒక ఆశ్రమానికి వెళ్లాను. ఆదివారం, మధ్యాహ్నం పన్నెండు దాటింది. గేటు దగ్గర ఎవరూ పేరు అడగలేదు, పుస్తకంలో సంతకం పెట్టమనలేదు. మమ్మల్ని చూడగానే పిల్లలు ఎవరూ చెప్పకుండానే వరుసగా నిలబడి పుట్టినరోజు పాట అందుకున్నారు. పేరు రావలసిన చోట ఒక్క క్షణం ఆగారు, మా మిత్రుడు పాప పేరు అందించాడు, పాట సాగింది. నా పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లవాడు కేకు ముక్కను పేపరు ప్లేటు అంచుకు నెట్టేసి కూర్చున్నాడు. తినవేంరా అంటే, పొద్దున్నించి ఇది మూడోది అన్నాడు. ఆ తర్వాత ఫోటోకి నేను ఎక్కడ నిలబడాలో కూడా వాడే చూపించాడు. మేము ఆరుగురం ఆ పిల్లల ముఖాలను ఫోన్లలో పెట్టుకుని ఇళ్లకు వచ్చాం. మేము మంచివాళ్లమే కావచ్చు, కానీ మమ్మల్ని ఆపని ఆ గేటు ఇంకెవరినీ ఆపదు కదా.

అందుకే, పిల్లల దగ్గరికో, వృద్ధుల దగ్గరికో, మతిస్థిమితం లేనివారి దగ్గరికో వెళ్లే పని అయితే, ఆ సంస్థ మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడిగిందన్నదే నేను మొదట చూస్తాను. గుర్తింపు కార్డు నకలు, మీ గురించి చెప్పగల ఇద్దరి వివరాలు, పోలీసు ధ్రువీకరణ, పిల్లలతో ఎలా మెలగాలో రాసి సంతకం తీసుకునే పత్రం అడిగితే నొచ్చుకోకండి. ఇద్దరి వివరాలు మీ గురించి విచారించడానికి అడగడానికీ, పదిమంది నంబర్లు చందాల కోసం అడగడానికీ తేడా వారి మొదటి ఫోనులోనే తెలిసిపోతుంది.

ఆశ్రమాల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ఏ గృహమైనా, ప్రభుత్వం నడిపినా స్వచ్ఛంద సంస్థ నడిపినా, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద నమోదై ఉండాలి. ఆ నమోదును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. నమోదు లేకుండా నడిపేవారికి ఏడాది వరకు జైలుశిక్ష గానీ, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ధ్రువపత్రం ఆఫీసు గదిలో గోడకు వేలాడుతుంటే దాని మీది తేదీ చదవండి, లేకపోతే అడగండి. అడగడానికి మొహమాటమైతే మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో గానీ, బాలల సంక్షేమ సమితి దగ్గర గానీ కనుక్కోండి. ఇలాంటి పిల్లలను ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది ఆ సమితే కాబట్టి, మీ కాలనీ ఆశ్రమం పేరు వారికి తెలియదంటే ఇక మీరు వేరే విచారణ చేయనక్కరలేదు. పిల్లలు సాయంత్రం వచ్చి చదువుకుని ఇళ్లకు వెళ్లిపోయే ట్యూషన్ కేంద్రమైతే మాత్రం ఈ నమోదు గొడవ ఉండదు.

ఫోటోల సంగతి కూడా ఇదే చట్టంలో ఉంది. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, చిరునామా, బడి, ఫోటో వంటి గుర్తుపట్టగల వివరాలేవీ పత్రికల్లో గానీ దృశ్యమాధ్యమాల్లో గానీ వెల్లడించకూడదని 74వ సెక్షన్ చెబుతుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీ ఆశ్రమంవారి ఫేస్‌బుక్ పేజీ తెరిచి చూడండి. పిల్లల ముఖాలు, పేర్లు, వారి తల్లిదండ్రులు ఎలా పోయారన్న కథలు వరసగా కనిపిస్తే, అక్కడి పెద్దలకు ఈ నియమం తెలియదో, తెలిసీ లెక్కలేదో అనుకోవాలి.

ఇక సంస్థ కాగితాలు. మన రాష్ట్రంలో సేవాసంస్థ సాధారణంగా మూడు రూపాల్లో ఉంటుంది: 2001 నాటి సొసైటీల చట్టం కింద జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదైన సొసైటీ, దస్తావేజు రాసి రిజిస్టరు చేయించిన ట్రస్టు, 2013 నాటి కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద ఏర్పడిన లాభాపేక్ష లేని కంపెనీ. ఏ రూపమన్నది ముఖ్యం కాదు, కార్యవర్గంలో ఎవరున్నారన్నది అడగండి. భర్త అధ్యక్షుడు, భార్య కార్యదర్శి, బావమరిది కోశాధికారి అయితే అది నేరమేమీ కాదు గానీ, లెక్కలు అడిగేవారు ఆ గదిలో ఎవరూ ఉండరు. కంపెనీ అయితే డైరెక్టర్ల పేర్లు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో దొరుకుతాయి. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ అయితే ఏటా ఆ లెక్కలను కేంద్ర హోంశాఖకు సమర్పించాలి.

చాలా సంస్థలు నీతి ఆయోగ్ దర్పణ్ నంబరును ప్రభుత్వ గుర్తింపు ముద్రలాగా బోర్డు మీద రాసుకుంటాయి. అది వివరాలు ఇచ్చి పేరు నమోదు చేసుకున్నందుకు వచ్చే నంబరు, పని బాగుందని ఎవరూ పరీక్షించి ఇచ్చింది కాదు. దాతలకు ఆదాయపన్ను మినహాయింపు దక్కేందుకు సంస్థ పొందే 80జి అనుమతి కూడా అంతే. ఉంటే మంచిదే, అది ఒక్కటే చాలదు.

మీరు బ్యాంకులో పనిచేసినవారు కనుక డబ్బు వెళ్లే దారి నాకంటే మీకే బాగా తెలుస్తుంది. వారి క్యూఆర్ కోడును ఫోనుతో స్కాన్ చేయండి, డబ్బు పంపవద్దు, తెర మీద వచ్చే పేరు మాత్రం చూడండి. సంస్థ పేరు రావలసిన చోట నిర్వాహకుడి సొంత పేరు వస్తే, అక్కడే ఆగిపోవచ్చు. తర్వాత గత ఏడాది ఆడిట్ చేయించిన లెక్కలు చూపించమనండి. జీతాల ఖర్చు ఎక్కువ ఉందని మాత్రం తొందరపడి తప్పుపట్టకండి. మేము ఎవరికీ జీతాలివ్వం, అంతా సేవే అని గొప్పగా చెప్పే ఆశ్రమం దగ్గరే, రాత్రిపూట పిల్లల దగ్గర పడుకునేది ఎవరని నేను అడుగుతాను.

చివరికి నేరుగా వెళ్లి ఒక పూట కూర్చుని చూడండి, ఆదివారం కాకుండా మామూలు బుధవారం నాడు. నాకంటే ముందు ఈ పాఠం ఎవరు చెప్పారు, వారు ఎందుకు మానేశారు, ఏ పిల్ల ఎంతవరకు చదివిందో ఎక్కడైనా రాసి ఉందా అని అడగండి. పని చేసే సంస్థలో ఎవరో ఒకరు నోటుపుస్తకం తీసి చూపిస్తారు. కనీసం ఏడాది వస్తారా అని వారు మిమ్మల్ని ఎదురు అడిగితే ఇంకా మంచిది, నెలకో టీచరమ్మ మారితే నష్టపోయేది పిల్లలే కాబట్టి. గుమ్మం పాతబడి, వెబ్‌సైటు లేక, రంగుల కరపత్రం లేని చిన్న సంస్థను ఆ కారణాలతో తోసిపుచ్చకండి. ఎక్కడా మనసు కుదరకపోతే దగ్గరి ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలిసి అనుమతి అడగవచ్చు. అక్కడా మిమ్మల్ని విచారించే చేర్చుకోవాలి.

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక సంస్థలో ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌లో చేరాను. పదివేల రూపాయల విరాళాలు లింకు ద్వారా తెప్పిస్తేనే సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. మా బాబాయి, మేనత్త ఇప్పటికే రెండేసి వేలు పంపారు. మిగతా మొత్తం తెప్పించాలా?
– ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తెప్పించకండి. విరాళాలు సేకరించడం తప్పు పని కాదు, కానీ దాన్ని సేవ అని చెప్పి చేర్చుకుని, మొత్తం నిండితేనే సర్టిఫికెట్ అనడం జీతం లేని వసూలు ఉద్యోగమే. మీ బాబాయిగారికీ మేనత్తగారికీ సంస్థ పేరు మీద రసీదులు వచ్చాయేమో ముందు కనుక్కోండి. 80జి అనుమతి ఉందని చెప్పి తీసుకుని ఉంటే, ఆ విరాళాలను ఆదాయపన్ను శాఖకు తెలిపి, దాతకు 10బిఇ అనే ధ్రువపత్రం ఇవ్వవలసిన బాధ్యత సంస్థదే. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఆ మినహాయింపు దక్కదు, అయినా పత్రం అడిగే హక్కు పోదు. రసీదులు రాకపోతే మీరే ఈమెయిల్ రాసి, ఎప్పుడు ఎంత పంపారో వివరాలతో అడిగి, ఆ ఈమెయిల్ దాచుకోండి. సర్టిఫికెట్ విషయానికి వస్తే, రేపు ఇంటర్వ్యూలో అక్కడ ఏం చేశావని అడిగితే మీరు చెప్పవలసింది ఇద్దరు బంధువుల దగ్గర నాలుగు వేలు తెచ్చానని మాత్రమే. దానికి కాగితం లేకపోయినా వచ్చే నష్టం లేదు.