టెక్సస్‌కు మారితే హెచ్-1బీ వాళ్లు తుపాకీ కొనొచ్చా?

కొనొచ్చు, కానీ చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటేనే. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల వాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. ఏ రాష్ట్రానికి మారినా అది వర్తిస్తుంది; వేట లైసెన్స్ అందులో ఇచ్చిన మినహాయింపు. షాపులో ఫారం 4473 (తుపాకీ కొనేవాళ్లు నింపే ఫెడరల్ ఫారం) నింపేటప్పుడు ఆ లైసెన్స్ చూపించాలి.

డాలస్‌లో ఉండే ఒకరు అక్టోబరులో లైసెన్స్ తీసుకున్నారనుకోండి. అది ఏడాది పాటు ఉండదు, ఆగస్టు 31తోనే ముగుస్తుంది. కొత్తది తీసుకోకపోతే సెప్టెంబరు 1 నుంచి తుపాకీ బీరువాలో ఉన్నా నేరమే. దయచేసి ఈ తేదీ మర్చిపోకండి.

2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు కాబట్టి తమకూ అడ్డు లేదని కొందరు అనుకుంటారు. ఆ సడలింపు ఫెడరల్ నిషేధం లేనివాళ్లకే. షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకీకీ ఈ వేట లైసెన్స్ నియమమే. గ్రీన్‌కార్డ్ వచ్చాక ఈ షరతు ఉండదు.